ఆరు సింహాలు, ఒక పాత డ్రైవర్

నంద్యాలలో గురుస్వామి శెట్టి ఆ రోజు చేయదలచుకున్న పని చాలా చిన్నది. ఉదయం ఎనిమిదింటికి బండి బయలుదేరాలి. ఆళ్లగడ్డలో రంగయ్యాచారి చెక్కి ఉంచిన రెండు రాతి సింహాలను ఎక్కించుకోవాలి. పన్నెండుకల్లా ఇంటికి తిరిగి రావాలి, పూజ అయ్యాక వాటిని అంగడికి చేర్చాలి. సాయంత్రం నాలుగున్నరకు కొత్త విత్తనాల అంగడి ప్రారంభం కాబట్టి, అప్పటికి ఆ సింహాలు గుమ్మానికి అటొకటి ఇటొకటి కూర్చుని ఉండాలి. అంతే. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో ముందుగా ఎవరూ చెప్పగలిగేవారు కాదు.

బండి తోలేది ఓబులేసు. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఆయనే డ్రైవరు. ఈలోగా బండ్లు మూడు మారాయి గాని డ్రైవరు మారలేదు. తొమ్మిదేళ్ల కిందట అహోబిలం వెళ్లి మందు మానేస్తానని ఒట్టు పెట్టుకుని, ఆ తర్వాత చుక్క ముట్టలేదు. ఆ సంగతి నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా రోడ్డు పక్కనున్న టీ అంగళ్లన్నిటికీ తెలుసు, ఎందుకంటే ఆయనే చెబుతాడు. నాలుగేళ్లుగా షుగరు ఉంది. దాని మూలంగా దారిలో రెండు మూడుసార్లు బండి ఆపి చెట్టు చాటుకు వెళ్లాల్సి వస్తుంది. ఈ సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పడు.

ఇక గురుస్వామి మంచివాడే గాని, ఆయన చేతికి ఫోన్ ఇచ్చినవాళ్లు మంచివాళ్లు కారు. ఫోన్ చేస్తే అవతలివాడు మూడు రింగుల్లో పలకాలి. నాలుగో రింగుకు ఆయన మనసులో అవతలి మనిషి మంచమెక్కుతాడు. స్విచాఫ్ అని వచ్చిందంటే ఇక చెప్పేదేముంది, ఆయన లేచి చొక్కా వేసుకుంటాడు.

ఆ ఇంటికి నిరుడు కోడలుగా వచ్చిన హిమజది ప్యాపిలి. భర్త శ్రీకాంత్ తండ్రితో పాటు వ్యాపారం చూసుకుంటుంటే, ఆమె ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పని చేస్తుంది. ఆమె పని ఏమిటో అత్తగారు పుష్పావతికి మూడుసార్లు చెప్పింది. కంప్యూటర్‌లో రాసిన సమాచారాన్ని ఎక్కడో దూరంగా ఉన్న పెద్ద పెద్ద నిల్వ పెట్టెలకు మోసుకుపోయి పెట్టి, అడిగినప్పుడు మళ్లీ మోసుకొచ్చే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దాని పేరు డ్రైవర్. దాన్ని ఇతరులు రాస్తారు. రాసినదాంట్లో తప్పులున్నాయో లేదో హిమజ వరుస వరుసా చదివి చూస్తుంది. "పేపర్లు దిద్దే పనే గదా," అని పుష్పావతి నాలుగోసారి చెప్పనివ్వలేదు.

ఆ రోజు హిమజకు కూడా పన్నెండే గడువు. పాత డ్రైవర్‌ను తీసేసి కొత్తది ఎక్కించాలని కంపెనీ నిర్ణయించింది. కొత్తదాన్ని రాసింది అజయ్ కుమార్ అనే కుర్రాడు. ఊరు జూపాడు బంగ్లా, ఉండేది బెంగళూరు. ఆమె సరేనంటే మధ్యాహ్నం నుంచి ఒక ఆసుపత్రి రికార్డులన్నీ ఆ కొత్త డ్రైవర్ మీద నడుస్తాయి. ఉద్యోగంలో చేరాక ఆఖరి మాట తనదవడం ఇదే మొదటిసారి కావడంతో, హిమజ ఏడింటికే తలస్నానం చేసి ముందుగదిలో కూర్చుంది. ఇంట్లో నెట్ బాగా వచ్చేది ఆ గదిలోనే. బండి తాళం తగిలించే మేకు ఉన్నది కూడా ఆ గది కిటికీ బయటే.

ఎనిమిదికి పావుగంట ఉందనగా ఓబులేసు తాళం కోసం వచ్చాడు. చెప్పులు విడిచి వరండా ఎక్కాడు. కిటికీ లోపలి నుంచి హిమజ మాటలు వినబడుతున్నాయి. అవతల అజయ్ మాటలు ఆమె చెవిలోనే ఉండిపోయాయి.

"పాత డ్రైవర్ సంగతి నాకు చెప్పొద్దు అజయ్. ఇరవై రెండు నుంచి చూస్తాండాం గదా."

రెండు వేల ఇరవై రెండు నుంచి అని ఆమె భావం. ఓబులేసు చెయ్యి తాళం మీదే ఆగింది.

"ఇంగ దాంతో అయ్యేది కాదు. లోడు కొంచెం ఎక్కువైతే చాలు, యాడిదాడ నిలబడిపోతాది. పిలిస్తే పలకదు. పోయిన వారం రెండుసార్లు పడిపోయింది."

ఓబులేసు మొదట ఎవరో ఆడమనిషి గురించి అనుకున్నాడు. తెలుగులో ఆడవాళ్లకూ వస్తువులకూ క్రియ ఒకటే కదా. కాని లోడు బండి తోలే ఆడమనిషి నంద్యాలలో ఎవరున్నారా అని ఎంత ఆలోచించినా తట్టలేదు. పైగా ఇరవై రెండు అనే లెక్క మరెవరికీ సరిపోలేదు.

"మెమొరీ సంగతి చూసినావా?" అంది హిమజ. సరిగ్గా అప్పుడే వీధిలో పాల ఆటో హారన్ కొట్టడంతో మెమొరీ అనే మాట కాస్తా అందులో కొట్టుకుపోయింది. "పొద్దున బాగనే ఉంటాది. సాయంత్రానికి చూస్తే పీకల దాకా తాగింటాది. దానికి తోడు లీకులు. యాడ పడితే ఆడ లీకులే. ఈ రోజుతో తీసేద్దాం. కొత్తది చూస్తాండా. నేను ఊ అంటే మధ్యాహ్నం నుంచి అదే నడుస్తాది."

ఓబులేసు తాళం తీసుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగాడు. తీసేస్తామన్నందుకు కూడా ఆయనకు అంత బాధ కలగలేదు. వయసు మీద పడుతోంది, ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. తొమ్మిదేళ్ల ఒట్టును ఒక్క మాటతో నీళ్లపాలు చేసినందుకు బాధ కలిగింది. చెట్టు చాటు సంగతి బెంగళూరు దాకా పాకినందుకు సిగ్గు వేసింది. వీటన్నిటికంటే, వాడు అనకుండా, ఆయన అనకుండా, నోరారా 'అది' అన్నందుకు గుండె మండిపోయింది.

వంటింటి వాకిట్లో పుష్పావతి రోజూలాగే స్టీలు గ్లాసుతో నిలబడి ఉంది.

"కాఫీ తాగి పో ఓబులేసూ."

"వద్దమ్మా."

పుష్పావతి గ్లాసు వైపు చూసింది, ఓబులేసు వైపు చూసింది. ఇరవై రెండేళ్లలో ఆయన కాఫీ వద్దనడం ఇదే మొదలు. కరోనా రోజుల్లో కూడా గేటు బయట నిలబడి తాగి పోయిన మనిషి.

"ఒంట్లో బాగలేదా ఏందప్పా?"

"ఒళ్లు బాగనే ఉంది. తాగినానని అనుమానమేమన్నా ఉంటే వాసన చూస్కో తల్లీ."

"అదేం మాట పొద్దున్నే?"

"ఏం లేదులేమ్మా. ఇదే నా ఆఖరి లోడు. సింహాలు దించి తాళమిచ్చి పోతా. అదీ ఇదీ అనిపించుకొని ఉండేకి నేనేమన్నా గొడ్డునా?"

పుష్పావతి నోరు తెరిచేలోగా ఆయన బండెక్కాడు. ఎక్కి, జేబులోంచి ఫోన్ తీసి ఆపేసి, సీటు కింద పడేశాడు. పెనం మీద దోసె మాడుతున్న వాసన రావడంతో పుష్పావతి లోపలికి పరుగెత్తింది.

తొమ్మిదింటికి గురుస్వామి కొత్త అంగడి దగ్గర షామియానా వేయించి ఇంటికి వచ్చాడు. వచ్చీ రాగానే ఓబులేసుకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. మళ్లీ అదే.

"ఏమే, ఓబులేసు పోతా పోతా ఏమన్నా చెప్పినాడా?"

పుష్పావతి ఉన్నది ఉన్నట్టే చెప్పింది. కాని గుర్తున్నంత వరకే చెప్పింది. "కాఫీ వద్దన్నాడు. తాగలేదు, వాసన చూడమన్నాడు. ఇదే ఆఖరి లోడు అన్నాడు."

గురుస్వామి కూర్చున్నవాడల్లా లేచాడు. "తాగలేదు, వాసన చూడమన్నాడా? అడక్కుండానే?"

"అడక్కుండానే."

"అంటే తాగినట్లే! నువ్వు చూసినావా మరి?"

"ఏంది చూసేది? ఇంగో మగోని నోరు నేను వాసన చూడాల్నా?"

తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టినవాడు కొంచెంతో ఆపడని గురుస్వామికి గట్టి నమ్మకం. శిరివెళ్ల దాటాక రోడ్డు పక్క గుంతలో తమ బొలెరో బండి, బొలెరోలో ఓబులేసు, ఆయన కళ్లకు కట్టినట్టు కనిపించారు. రంగయ్యాచారికి ఫోన్ చేశాడు. అవతల రాయి కోసే మిషను శబ్దంలో ఆచారికి ఫోన్ ఎప్పుడూ వినబడదు. ఆ రోజూ వినబడలేదు. నాలుగో రింగు దాటగానే గురుస్వామి చొక్కా వేసుకుని వీధి చివర స్టాండుకు వెళ్లాడు. అక్కడ పవన్ అనే అబ్బాయి తన చిన్న లోడు బండి తుడుచుకుంటున్నాడు.

"ఆళ్లగడ్డకు పో. రంగయ్యాచారి దగ్గర గురుస్వామి శెట్టి పంపినాడని చెప్పు. రెండు సింహాలు ఎక్కించుకొని రా. దారిలో గుంతలు చూసుకుంటా పో."

"రోడ్డు బాగనే ఉంది గదా సార్."

"రోడ్డు గురించి కాదు. గుంతల్లో మా ఓబులేసు ఉంటే చూడమంటాండా."

పవన్‌కు సగమే అర్థమైంది. సింహాల సగం అర్థమైంది కాబట్టి బయలుదేరాడు.

ఓబులేసు తాగాడన్న మాట వినబడి హిమజ వాకిట్లోకి వచ్చింది. "ఓబులేసన్న తాగేది మానేసె గదా మామా?"

"మానేసినాడు. మళ్లా పట్టినాడు. నువ్వు పని చూసుకోమ్మా."

హిమజ లోపలికి వెళ్లింది గాని మనసు కుదురుగా లేదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఒక రోజు అమ్మను చూడాలని ఏడుపు తన్నుకొస్తే, ఎవరికీ చెప్పకుండా ప్యాపిలి దాకా తీసుకుపోయింది ఓబులేసే. మూడు గంటలు వేపచెట్టు కింద బండిలో కూర్చుని, తిరిగొచ్చాక ఇంట్లో పంక్చరైందని చెప్పాడు. ఆ మనిషి తాగాడంటే నమ్మబుద్ధి కాలేదు. కాని గడియారం ఆగదు. ఆమె మళ్లీ అజయ్ రాసిన కోడు ముందు కూర్చుంది.

కొత్త డ్రైవర్ చాలా శుభ్రంగా రాసి ఉంది. తాగడం లేదు, లీకుల్లేవు. ఒక్కచోట మాత్రం ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. అదేమిటో మాటల్లో పెట్టడం చేతకాక అజయ్‌నే అడిగింది.

"సమాచారం పంపినాక అవతలి నుంచి జవాబు రాకపోతే ఏం చేస్తాది?"

"ముప్పై సెకన్లు చూస్తాదక్కా. రాకపోతే రెండో దారిలో మళ్లా పంపుతాది. ఆడ గూడా పలకకపోతే మూడో దారి. మన డ్రైవర్ ఊరకుండే రకం కాదు."

"మరి మొదట పంపినది ఏమైనట్ల?"

"పోయింటాదక్కా," అన్నాడు అజయ్. "పలకలేదంటే పోయినట్లే గదా."

అదే క్షణంలో వరండాలోంచి గురుస్వామి అరుపు వినబడింది. "పలకలేదంటే పోయినట్లే గదా!"

హిమజ ఒక చెవికున్న హెడ్‌ఫోన్ పక్కకు లాగింది. ఒకే మాట రెండు చెవుల్లోనూ మోగుతోంది. లేచి వరండాలోకి వచ్చింది. గురుస్వామి ఫోన్ చేతబట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఎవరు పోయినారు మామా?"

"పవన్ గూడా పాయె! నాలుగుసార్లు చేసినా. ఎత్తడు. వాడు గూడా యాడో పడిపోయినాడు. కోయిలకుంట్లలో మా మేనల్లుడు సురేష్ ఉండాడు గదా, వాని బండి పంపించినా ఇంగ. ఆడి నుంచి ఆళ్లగడ్డ దగ్గరే."

పవన్ ఎక్కడా పడిపోలేదు. స్టీరింగు పట్టుకున్నప్పుడు ఫోన్ ముట్టకూడదని అతనికి బండి నేర్పిన గురువు చెప్పాడు. ఆ గురువు ఓబులేసే. శిష్యుడు ఆ మాట జవదాటకుండా, గుంతలు చూసుకుంటూ నిమ్మళంగా పోతున్నాడు. కాని ఆ సంగతి వరండాలో ఎవరికీ తెలియదు.

హిమజ తల పట్టుకుంది. "ఎత్తలేదంటే పోయినట్లేనా మామా? ముగ్గురూ బాగుండి, ముగ్గురూ సింహాలు ఎక్కించుకుంటే?"

"ఎట్లా ఎక్కించుకుంటారు? ఉండేది రెండే గదా సింహాలు."

ఆచారి చెక్కినవి రెండే సింహాలైతే మామగారి లెక్క సరిపోతుంది. చూద్దామనుకుంది హిమజ. ఈలోగా పుష్పావతి కూరలు తరుగుతూ తలెత్తింది.

"ఇంగోటి గూడా అన్నాడు ఓబులేసు. ఇప్పుడు గుర్తొచ్చె. అదీ ఇదీ అనిపించుకొని ఉండేకి గొడ్డునా అన్నాడు. ఎవరు ఏమన్నారో ఏమో."

హిమజ కిటికీ వైపు చూసింది. కిటికీ బయటి మేకు వైపు చూసింది. పొద్దున తాను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పాత డ్రైవర్. ఇరవై రెండు. పడిపోయింది. తాగింటాది. లీకుల దగ్గరికి వచ్చేసరికి ఆమె గట్టిగా కళ్లు మూసుకుంది.

"అత్తా, నేనేనమ్మా అన్నది," అని ఏడుపు గొంతుతో అంతా చెప్పింది. పుష్పావతి వంకాయ చేత్తో పట్టుకుని అలాగే వింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"మందూ లేదు, గుంతా లేదు. మీరు ఆ ఫోన్ ఈడ పెట్టండి ఇంగ."

గురుస్వామి పెట్టలేదు. ఈసారి ఓబులేసు తాగలేదన్న సంతోషంతో మళ్లీ ఆయనకే ఫోన్ చేశాడు. అది ఇంకా సీటు కిందే ఉంది.

పదకొండున్నరకు అజయ్ మళ్లీ పిలిచాడు. "అక్కా, అందరూ కాసుకోని ఉండారు. ఊ అంటే ఎక్కించేస్తా."

"ఆగు అజయ్. ఒక లోడు రావాల. అది చూసినాక చెప్తా."

"ఏం లోడక్కా?"

"సింహాలు."

అజయ్ అదేదో పెద్దవాళ్లు చేసే కొత్త రకం పరీక్ష పేరై ఉంటుందనుకుని, తెలియదని చెప్పడం ఎందుకని, "సరే అక్కా" అన్నాడు.

పన్నెండుకు పది నిమిషాలుందనగా బొలెరో వచ్చి గేటు ముందు ఆగింది. ఓబులేసు దిగాడు. ఎవరి ముఖమూ చూడలేదు. వెనక డోరు దించి, మోకాలెత్తు సింహాలు రెండింటినీ ఒక్కొక్కటిగా, శ్రీకాంత్ పంపిన కూలీలతో కలిసి కిందికి దించాడు. ఒక్కోదానికి మూడేసి శనగ గోతాలు చుట్టి, చెవుల దగ్గర విడిగా గుడ్డ కట్టి ఉంది. ఉద్యోగం వదిలేసి పోతున్న మనిషి తెచ్చిన సింహాలకు వెంట్రుకవాసి గీత కూడా పడలేదు. అది చూసి హిమజకు దుఃఖం ముంచుకొచ్చింది.

గురుస్వామి మాత్రం ముందు వెళ్లి ఓబులేసు నోటి దగ్గర ముక్కు పెట్టి గాలి పీల్చాడు.

"ఏమీ లేదు," అన్నాడు నిరాశా సంతోషమూ కలిసిన గొంతుతో.

"ఇప్పుడన్నా తెలిసిందా శెట్టీ," అని ఓబులేసు తాళం తీసి వరండా గట్టు మీద పెట్టాడు. "నేను ఇంగ పోతా."

హిమజ పరుగున వచ్చి ఆ తాళం పట్టుకుంది. "ఓబులేసన్నా, నిన్ను కాదు అన్నది. కంప్యూటర్‌లో ఉండే డ్రైవర్‌ని అన్నా."

"కంప్యూటర్‌కి డ్రైవర్ ఏంది పాపా? చక్రాలు యాడుండాయి దానికి?"

"చక్రాలుండవు. మోసేది అన్నా. ఈడ రాసింది తీసకపోయి దూరంగా ఉండే గోడౌన్‌లో పెట్టి, మళ్లా అడిగితే తెస్తాది. అట్లా మోసే ప్రోగ్రాముకు డ్రైవర్ అని పేరు."

ఓబులేసు తీర్పు చెప్పే పెద్దమనిషిలాగా ఒక్కొక్కటే అడిగాడు. "తాగుతాంది అంటివి?"

"మెమొరీ తాగుతాంది. కంప్యూటర్‌లో ఉండే జాగా అంతా అదే మింగుతాది."

"లీకులు అంటివి?"

"అవి గూడా మెమొరీవే."

ఓబులేసు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "ఇరవై రెండేండ్లు అంటివి?"

"రెండు వేల ఇరవై రెండు నుంచి అన్నా. నువ్వైతే అది అంటానా నేను? నిన్ను ఆయన అంటా గదా ఎప్పుడూ. అది అన్నానంటేనే మనిషి గురించి కాదని తెలుసుకోవద్దా?"

ఓబులేసు ఆలోచనలో పడ్డాడు. ఆ సంగతి ఆయన నలభై కిలోమీటర్లు పోతూ, నలభై కిలోమీటర్లు వస్తూ కూడా ఆలోచించలేదు.

"ఔ గదా," అన్నాడు చివరికి.

"మరి ఫోన్ ఎందుకు ఆపితివి?" అని గురుస్వామి అందుకున్నాడు. "స్విచాఫ్ అంటే ఏమనుకోవాల మేము?"

"ఫోన్ ఆపినా గాని బండి ఆపలేదు గదా శెట్టీ," అన్నాడు ఓబులేసు. "పలకనంత మాత్రాన పని చెయ్యనట్లా? కోపం వచ్చినోడు గూడా లోడు దింపుతాడు."

హిమజ పొద్దుటి నుంచి మాటల్లో పెట్టలేకపోయింది ఇదే. అజయ్ డ్రైవర్‌లో ఉన్న తప్పు ఇదే. పలకనిదాన్ని పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. ఏమైందో కనుక్కోదు, వెనక్కి రమ్మని చెప్పదు. మొదటిది మెల్లగా వచ్చి చేరితే ఏమవుతుందో ఆ కోడులో ఒక్క వరుస కూడా లేదు.

ఏమవుతుందో గేటు దగ్గర కనబడింది. పవన్ బండి వచ్చి ఆగింది. వెనక రెండు సింహాలు. ఒకదానికి ఎడమ చెవి కొన విరిగి ఉంది.

"సార్, గుంతలన్నీ చూసినా, ఎవరూ లేరు," అని పవన్ సంతోషంగా చెప్పాడు. అంతలో ఓబులేసును చూసి, "ఈడే ఉండాడే!" అన్నాడు.

గురుస్వామి ఆ సింహాలను లెక్కపెట్టేలోగా కోయిలకుంట్ల బండి వచ్చింది. అందులో గడ్డి పరిచి, గడ్డి మీద రెండు సింహాలు కూర్చుని ఉన్నాయి. కొంచెం పెద్దవి, నోరు తెరిచినవి.

మొత్తం ఆరు సింహాలు వీధిలో వరుసగా కూర్చునేసరికి ఎదురింటి కుక్క తోక ముడుచుకుని లోపలికి పోయింది. ఆళ్లగడ్డలో ఆచారి దగ్గర గేటు సింహాలు ఎప్పుడూ నాలుగు జతలు చెక్కి సిద్ధంగా ఉంటాయనీ, గురుస్వామి శెట్టి పంపాడని ఎవరొచ్చి రెండు అడిగితే వాళ్లకు ఆయన రెండు ఇచ్చాడనీ తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎందుకంటే అప్పటికి మిషను ఆపి అన్నానికి లేచిన రంగయ్యాచారి తనంతట తానే ఫోన్ చేశాడు.

"శెట్టీ, అంగడికి, గోడౌన్‌కి, ఇంటికి అన్నిటికీ పెడ్తాండావే, శానా సంతోషం. ఇంగో జత ఉంది. నాలుగో బండి ఎప్పుడు పంపుతాండావు?"

గురుస్వామి ఫోన్‌ను చూశాడు. జీవితంలో మొదటిసారి, అవతలి మనిషి మాట్లాడుతుండగా తానే ఆపేశాడు.

హిమజ ఆరు సింహాలనూ ఒకే చట్రంలోకి వచ్చేలా ఫోటో తీసింది. లోపలికి వెళ్లి అజయ్ కోడులో, మళ్లీ పంపే వరుస పక్కన ఆ ఫోటో పెట్టి, కింద ఇలా రాసింది. 'అడిగింది రెండు. జవాబు రాలేదని మూడుసార్లు పంపినాము. ఈ డ్రైవర్‌ను నేను ఒప్పుకోను.' అజయ్ మొదట నవ్వు బొమ్మ పంపాడు. పది నిమిషాల తర్వాత గంభీరమైన బొమ్మ పంపాడు. గంట తర్వాత ఫోన్ చేసి, మెల్లగా పలికే నిల్వ పెట్టెను పెట్టి చూస్తే ఒక రోగి రికార్డు మూడుసార్లు చేరిందనీ, మొదట పంపిన పాతది ఆఖరున చేరి, ఈలోగా రాసిన కొత్తదాన్ని తుడిచేసిందనీ చిన్న గొంతుతో చెప్పాడు.

ఆమె బయటికి వచ్చేసరికి ఓబులేసు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తాళం మళ్లీ మేకుకు వేలాడుతోంది. పుష్పావతి పొద్దుటి కాఫీ బాకీ తీర్చడానికి చక్కెర లేకుండా కలుపుకొచ్చింది. ఆయన గ్లాసు అందుకున్నాడు గాని వెంటనే తాగలేదు.

"పాపా, ఆ పాత డ్రైవర్‌ని తీసేసినట్లేనా మరి?"

"లేదన్నా. కొత్తది బాగా రాలేదు. ఇంగో నెల పాతదే నడుస్తాది."

ఓబులేసు ముఖం విప్పారింది. సొంత తమ్ముడి ఉద్యోగం నిలబడినంత సంతోషం కనిపించింది ఆ ముఖంలో. ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. ఇరవై రెండు నుంచి మోస్తాంది అంటివి. పడిపోతాదో, తాగుతాదో, అది వేరే సంగతి. మోసింది గదా ఇన్ని దినాలు? అట్లాంటిదాన్ని అదీ ఇదీ అనేది మర్యాద గాదు."

హిమజకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "అననన్నా ఇంగ," అంది. మాట ఇచ్చాక తప్పుతుందా? ఆ ఇంట్లో ఒట్టు నిలబెట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు అంగడి తెరిచారు. గుమ్మానికి అటు ఇటు ఓబులేసు తెచ్చిన జత, మెట్ల మీద కోయిలకుంట్ల జత, గల్లాపెట్టె వెనక చెవి విరిగిన జత కూర్చున్నాయి. వచ్చినవాళ్లంతా గురుస్వామి శెట్టి దర్జాను మెచ్చుకుంటుంటే, ఆయన మొదటి నుంచీ ఆరే అనుకున్నానని అందరికీ చెప్పాడు. ఆ మధ్యలో ఆయన ఫోన్ ఏడుసార్లు మోగింది గాని, ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇప్పుడు హిమజ బెంగళూరుతో మాట్లాడేటప్పుడు "ఆయన నిన్న మళ్లా పడిపోయినారు," "ఆయనకు లోడు తగ్గించండి" అంటూ ఉంటుంది. ఆ పాత ప్రోగ్రాం అంటే అక్కకు అంత భక్తి ఎందుకో అజయ్ కుమార్‌కు అర్థం కాకపోయినా, ఆఖరి మాట ఆమెదే కాబట్టి తానూ ఆయన అనే అంటున్నాడు.